బంగారక్క గోడ

పెదలంకపేట ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీలు ఇచ్చే గదికి రెండు కిటికీలున్నాయి. ఎడమవైపుది మగవాళ్లకి, కుడివైపుది ఆడవాళ్లకి. కిటికీలు రెండైనా వాటి వెనక కూర్చునే గుమాస్తా మాత్రం ఒక్కడే, పేరు పాపారావు. ఆయనకి గిర్రున తిరిగే కుర్చీ ఒకటి ఇచ్చారు. ఒక మగాడికి చీటీ రాసి ఇటు తిరుగుతాడు, ఒక ఆడమనిషికి చీటీ రాసి అటు తిరుగుతాడు. అలా తిరిగీ తిరిగీ, ఇంట్లో అన్నం తింటున్నప్పుడు కూడా ఆయన మెడ అటూ ఇటూ ఆడుతూనే ఉంటుందని వాళ్లావిడ చుట్టుపక్కల అందరికీ చెప్పుకుంటుంది.

రెండు కిటికీల మధ్య బారెడు గోడ ఉంది. గోడ అంటే పెద్ద కోటగోడేం కాదు, ఒంటి ఇటుక గోడ. దానికి లోపలివైపు పాపారావు క్యాలెండరు తగిలించుకున్నాడు. బయటివైపు బంగారక్క నిలబడేది.

బంగారక్క ఎవరో పెదలంకపేటలో ఎవరికీ చెప్పనక్కర్లేదు గానీ, మీకు చెప్పాలి కదా. ఆ ఊరి హిజ్రాల తరఫున నోరు విప్పిన మొదటి మనిషి ఆవిడ. రేషను కార్డు దగ్గర్నుంచి ఓటు దాకా, పోలీస్ స్టేషన్లో కూర్చోడానికి కుర్చీ దగ్గర్నుంచి శ్మశానంలో పడుకోడానికి చోటు దాకా, తన వాళ్లకి ఏది దొరికినా బంగారక్క గొంతు చించుకున్నాకే దొరికింది. ఆసుపత్రిలో మగవాళ్ల వరసలో నిలబడితే వెనక నుంచి ఈలలు వేసేవాళ్లు. ఆడవాళ్ల వరసలో నిలబడితే కొంగులు సర్దుకుని పక్కకి జరిగేవాళ్లు. ఛీ, మీ వరసలూ వద్దు మీ గొడవా వద్దనుకుని ఆవిడ సరిగ్గా మధ్యలో, గోడ ముందు నిలబడింది. నిలబడి అరచేత్తో గోడ మీద ఒక్కటి చరిచి, "పాపారావూ, నేనొచ్చాను," అనేది. పాపారావు ఏ కిటికీ దగ్గరుంటే ఆ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పక్కకి చాపి, చీటీ అందించేవాడు. ఆవిడ వెనకే ఆవిడ మనుషులూ నిలబడటం మొదలుపెట్టారు. జనం దానికి మూడో వరస అని పేరు పెట్టారు.

బంగారక్క అడిగినవన్నీ సాధించింది గానీ ఒక్కటి మాత్రం సాధించలేకపోయింది. ఆ గోడకో కన్నం కొట్టించండి, మాకూ ఓ కిటికీ అవుతుంది అని వచ్చిన ప్రతి సూపరింటెండెంటునీ అడిగింది. గుమాస్తా వాడే, కుర్చీ అదే, కాకపోతే తిరిగేటప్పుడు మధ్యలో ఒకసారి ఆగుతాడు, అంతే కదా అనేది. విషయం పరిశీలనలో ఉందని ఒకాయన అన్నాడు. పరిశీలన పూర్తయి పునఃపరిశీలనలో ఉందని తర్వాతాయన అన్నాడు. అలా అడుగుతూ అడుగుతూనే ఓ వేసవిలో, పోలీస్ స్టేషన్ మెట్ల మీద ఎవరి కోసమో వాదిస్తుండగా, గుండె ఆగి బంగారక్క కన్నుమూసింది.

గురువు పోతే ఇల్లు చేలాకి వస్తుంది. చేలా అంటే శిష్యురాలు, కూతురు, వంటమనిషి, తిట్లు తినే మనిషి, అన్నీనూ. బంగారక్కకి అలాంటి చేలా జలజ, ఆవిడని అమ్మా అనే పిలిచేది. ఇంటితో పాటు జలజకి ఇంట్లో ఉన్న నాని కూడా వచ్చింది. గురువుకి గురువుని వాళ్ల ఇళ్లల్లో నాని అంటారు. ఈ నాని అసలు పేరు దుర్గమ్మ. చేలాని తన చేతుల మీదుగా సాగనంపాల్సి వచ్చిందని ఏడ్చి ఏడ్చి, ఇప్పుడు ఏడవడానికి కూడా ఓపిక లేని ముసలిది. ఆవిడ ఎడమ పాదానికి సుగరు పుండు. రోజు విడిచి రోజు కడిగి కట్టు మార్చకపోతే పాదం తీసేయాల్సి వస్తుందని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. బయట కట్టించుకునే స్తోమత లేదు. ఆసుపత్రిలో చీటీ లేనిదే నర్సమ్మ కట్టు విప్పదు. చీటీ కావాలంటే పాపారావు చెయ్యి చాపాలి. పాపారావు చెయ్యి చాపాలంటే గోడ మీద చరవాలి.

అయితే జలజకి బంగారక్క గొంతు లేదు. గట్టిగా ఓ మాట అనాలనుకుంటే మాటకంటే ముందు కళ్లనీళ్లొచ్చేస్తాయి. అయినా ఏదో గురువు చూపించిన దారి కదా అని, నానిని ఆటోలో ఎక్కించుకుని వెళ్లి, గోడని మెల్లగా తట్టి పని నడిపించుకుంటోంది. ఆ తట్టడం పాపారావుకి వినబడేది కూడా కాదు. పాపం, గోడ మీద క్యాలెండరు కదిలితే చూసి చెయ్యి చాపేవాడు.

అలా జరిగిపోయేదే. కానీ బంగారక్కని గౌరవించాలని పెద్దలకి బుద్ధి పుట్టింది.

సంతాప సభ ఆసుపత్రి మీటింగు హాల్లోనే పెట్టారు. ఆసుపత్రి అభివృద్ధి సంఘం చైర్మన్ కొప్పర్తి నాగభూషణం గారు అధ్యక్షత వహించారు. ఆయనకి రెండు రైసు మిల్లులున్నాయి, బోలెడంత తీరికా ఉంది. బంగారక్క బతికుండగా ఆవిడని చూస్తే కారు అద్దం ఎత్తేసేవారు గానీ, ఆ రోజు మాత్రం మైకు ముందు గొంతు గద్గదమై మంచినీళ్లు అడిగారు. కీర్తిశేషురాలు సామాజిక న్యాయ పోరాట పథంలో వెలుగు దివిటీ అన్నారు. ఆ దివిటీని ఆరనివ్వబోమని సభాముఖంగా హామీ ఇచ్చారు. ఆమె జ్ఞాపకార్థం ఏం చేస్తే బాగుంటుందో కుటుంబ సభ్యులే చెప్పాలని జలజ వైపు చెయ్యి చూపించారు.

జలజ లేచింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హాలంతా తనవైపే చూస్తున్నా, అమ్మ అడిగింది ఒక్కటే కదా అనుకుని ధైర్యం చేసింది.

"ఆ గోడకో కన్నం కొట్టించండి సార్," అంది.

సూపరింటెండెంటు డాక్టరు సత్యప్రసాద్ గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఏ గోడకి అని అడిగారు. చీటీల గోడకే అని జలజ చెప్పింది. ఆయన ముఖం చిన్నబోయింది.

"చూడమ్మా, ఆవేశపడకుండా ఆలోచించు. ఆ మహనీయురాలు తన జీవితంలో విలువైన భాగమంతా ఏ గోడ ముందు గడిపారు? ఆ గోడ ముందే. అలాంటి గోడకి కన్నం కొట్టడమంటే ఆమె పోరాటానికి కన్నం కొట్టినట్టు కాదా?"

ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. హాలంతా అందుకుంది. జలజ ఏదో చెప్పబోయింది గానీ కళ్లనీళ్లు ముందొచ్చేశాయి. అది చూసి నాగభూషణం గారు, కుటుంబ సభ్యుల ఆనందబాష్పాలే ఈ నిర్ణయానికి ఆమోదముద్ర అని మైకులో ప్రకటించారు. గోడని యథారూపంలో పరిరక్షించాలనీ, మూడో వరసని శాశ్వత స్మారక చిహ్నంగా తీర్చిదిద్దాలనీ ఏకగ్రీవంగా తీర్మానం అయిపోయింది.

ఆసుపత్రిలో మంచానికి మేకు ఊడితే నెలల తరబడి ఎవరూ పట్టించుకోరు గానీ, ఈ పని మాత్రం చకచకా సాగింది. రెండు వరసల మధ్య నేలకి నల్లరాయి పరిచారు. దానికి అటూ ఇటూ మిలమిల మెరిసే స్టీలు కమ్మీలు పాతారు. పైన దీపాలు, గోడకి బంతిపూల దండ. కమ్మీల మొదట్లో ఓ బోర్డు పెట్టారు. మూడో వరస, స్మారక స్థలం, చెప్పులు విడిచి దర్శించవలెను, నిలబడరాదు. కాపలాకి అప్పలస్వామి అనే కొత్త మనిషిని పెట్టి, ఓ ఖాకీ చొక్కా, ఓ ఈలా ఇచ్చారు.

కట్టు మార్చే రోజున జలజ నానిని ఆటోలో గేటు దగ్గర కూర్చోబెట్టి లోపలికి వచ్చింది. చెప్పులు విడిచి కమ్మీల మధ్య అడుగుపెట్టబోతే అప్పలస్వామి ఈల వేశాడు.

"ఎక్కడికమ్మా?"

"వరసలోకి అన్నా. చీటీ కావాలి."

"ఇది వరస కాదమ్మా, మూడో వరస. ఇందులో ఎవరూ నిలబడకూడదు."

"మా అమ్మ నిలబడ్డ చోటే అన్నా ఇది."

"అందుకే గదమ్మా నిలబడకూడదంట," అన్నాడు అప్పలస్వామి. వాడి తప్పేం లేదు, వాడికి చెప్పింది వాడు చెప్పాడు.

చేసేది లేక జలజ మగవాళ్ల వరసలోకి వెళ్లింది. అక్కడెవడో సినిమా పాట అందుకున్నాడు. ఆడవాళ్ల వరసలోకి వచ్చింది. పూర్వమైతే విసుక్కుంటూనే కాస్త చోటిచ్చేవాళ్లు. ఇప్పుడు ఒకావిడ బిడ్డని చంకలో ఎత్తుకుని మర్యాదగానే అడిగింది, మీకు వేరే వరస పెట్టారు గదమ్మా, స్టీలుది, మళ్లీ మా ఇరుకులోకి ఎందుకు రావడం అని. ఆవిడ మాటలో ఎగతాళి లేదు. నిజంగానే ఆవిడకి ఆ మెరిసే కమ్మీలు చూస్తే కాస్త అసూయగా ఉంది. జలజ అటూ ఇటూ తిరిగేసరికి చీటీల వేళ అయిపోయి పాపారావు కిటికీలు మూసేశాడు. నాని ఆ పూట పాత కట్టుతోనే ఇంటికెళ్లింది.

మర్నాడు జలజ సూపరింటెండెంటు గది ముందు పడిగాపులు పడి, లోపలికి వెళ్లింది. సత్యప్రసాద్ గారు చాలా సంతోషించారు. కూర్చోమన్నారు. జిల్లాలో ఎక్కడా లేని సౌకర్యం మీ వాళ్లకి కల్పించామనీ, పై నుంచి అభినందనలు కూడా వచ్చాయనీ చెప్పారు. జలజ గొంతు కూడదీసుకుని, వరస ఉంది గానీ దాని చివర కిటికీ లేదు సార్ అంది.

"వరస మంజూరైంది. కిటికీ వేరే విషయం, దాని పద్దు వేరు. రెండూ కలిపి చూడకూడదు," అన్నారాయన.

పోనీ ఎప్పటిలా గోడ తట్టి చీటీ తీసుకుంటానంది జలజ. ఆయన కుర్చీలోంచి సగం లేచారు. గోడ ఇప్పుడు రక్షిత కట్టడమనీ, దాన్ని తట్టడం, చరచడం, ఆనుకోవడం విధివిధానాలకి విరుద్ధమనీ, ఆమె వారసురాలివైన నువ్వే ఆ గోడని కొడితే లోకం ఏమనుకుంటుందనీ మందలించారు. వెళ్లేటప్పుడు మాత్రం టీ తాగి వెళ్లమన్నారు. టీ రాలేదు.

ఇంటికొచ్చి ఈ ముచ్చటంతా చెబితే నాని మంచంలో అటు తిరిగి పడుకుని నవ్వింది. "నా చిన్నప్పుడు అక్కడ ఉన్నది ఒకటే కిటికీనే పిల్లా, పేద్దది," అంది. "మగాళ్లూ ఆడాళ్లూ కలిసి తోసుకుంటున్నారని మధ్యలో ఇటుకలు పేర్చారు. ఆ ఇటుకలకేనా ఇప్పుడు దండేసింది?"

పాపారావు మంచివాడు కాబట్టి ఇంకొన్నాళ్లు నెట్టుకొచ్చారు. పొద్దున్నే టీ కొట్టు దగ్గర జలజని చూసి, చీటీ మడిచి గ్లాసు కింద పెట్టి వెళ్లేవాడు. ఒకరోజు ఆలస్యమై కిటికీ పక్కనుంచే అందించబోయాడు. గోడ భద్రత కోసం పెట్టిన కెమెరాలో ఆయన చెయ్యి కనబడింది. స్మారక చిహ్నం సమీపంలో అనుమానాస్పదంగా చెయ్యి సంచరించిందని ఆయనకి మెమో ఇచ్చారు. ఆ తర్వాత పాపారావు టీ తాగడమే మానేశాడు.

కట్టు ఒకసారి దొరికితే రెండుసార్లు దొరకడం లేదు. నాని చిటికెనవేలు నల్లబడింది. ఇలాగైతే నా వల్ల కాదు, పెద్దాసుపత్రికి పంపి పాదం తీయించడమే అని డాక్టరమ్మ కోప్పడింది. ఆవిడ కోపం జలజ మీద కాదు, ఆ కమ్మీల మీద. కానీ కమ్మీల మీద కోప్పడి లాభమేముంది, అవి మందలింపుకి లొంగేవా?

ఈలోపు మూడో వరస కీర్తి ఊరంతా పాకింది. ముందుగా నాగభూషణం గారు ప్రత్యేక అనుమతి తెప్పించుకుని, బూట్లు విప్పి, అందులో కాసేపు నిలబడ్డారు. పక్కన ఇద్దరు విసనకర్రలు పట్టుకున్నారు, ఒకడు మజ్జిగ అందించాడు. బయటికొచ్చి, ఆ మహనీయురాలి వేదనని పాదాల ద్వారా అనుభవించానని విలేకర్లకి చెప్పారు. ఫొటో పేపర్లో పడింది. ఇక చూడాలి, కాలేజీ ప్రిన్సిపాలు నిలబడ్డాడు, కేబుల్ టీవీ యజమాని నిలబడ్డాడు, యోగా గురువొకాయన ఒంటికాలి మీద నిలబడ్డాడు. నిలబడ్డవాళ్లందరికీ, సామాజిక న్యాయానుభూతి పొందినట్టు లామినేషన్ చేసిన ధ్రువపత్రం ఇచ్చారు.

మిగతా ఆఫీసులు ఊరుకుంటాయా? కరెంటాఫీసు వాళ్లు బిల్లుల కౌంటరు దగ్గర మూడో వరస కట్టించారు. తహసీల్దారు ఆఫీసులో ఇంకాస్త పొడుగ్గా కట్టించారు. అన్నిచోట్లా స్టీలు కమ్మీలు, చివర ఓ గోడ, గోడకో దండ. పురపాలక సంఘం వాళ్లకి మాత్రం చిక్కొచ్చి పడింది. వాళ్ల హాల్లో సరిగ్గా మధ్యలో ద్వారం ఉంది, గోడ లేదు. ద్వారం ఉంటే అది నమూనాకి విరుద్ధం కదా. కమిషనరు గారు మూల సూత్రం విషయంలో రాజీ పడే మనిషి కాదు. ద్వారం మూయించి ఇటుకలు కట్టించి, సున్నం కొట్టించి, దండ వేయించారు. అప్పట్నుంచి ఆ ఆఫీసు ఉద్యోగులు వెనకవైపు నిచ్చెన వేసుకుని కిటికీలోంచి దిగి డ్యూటీకి వెళ్తున్నారు. పన్ను కట్టేవాళ్లూ అటే ఎక్కుతున్నారు.

ఆసుపత్రికి సందర్శకులు ఎక్కువైపోయారు. తోపులాట జరగకుండా చూడాలని అభివృద్ధి సంఘం అత్యవసరంగా సమావేశమై, గేటు దగ్గర్నుంచి క్రమపద్ధతిలో రావాలని నిర్ణయించింది. మూడో వరసని చూడటానికి వచ్చే మగవాళ్లకి ఓ వరస, ఆడవాళ్లకి ఓ వరస ఏర్పాటు చేసింది.

జలజకి ఓ ఆశ పుట్టింది. సందర్శకురాలిగా వెళ్తే గోడ దాకా పోవచ్చు, పాపారావుకి ఓ కేక వేయొచ్చు. గేటు దగ్గర అప్పలస్వామి ఆపి, ఏ వరసమ్మా నీది అని అడిగాడు. జలజ రెండు వరసలూ చూసింది. అమ్మ ఏం చేసేదో అదే చేసింది, రెంటికీ మధ్య ఎండలో నిలబడింది. అప్పలస్వామి తల గోక్కున్నాడు. మధ్యలో నిలబడితే రాకపోకలకి అడ్డం, నిషేధం అన్నాడు. నిజానికి వాడికి లోపల ఎక్కడో ఏదో తప్పుగా ఉందని అనిపించింది గానీ, ఏమిటో తెలియక ఈల వేశాడు.

బంగారక్క సంవత్సరీకం దగ్గరపడింది. దాన్ని మహోత్సవంగా చేయాలన్నారు. గోడకి దండ సరిపోదనీ, నిలువెత్తు నల్లరాతి ఫలకం బిగించాలనీ నాగభూషణం గారు సంకల్పించారు. ఫలకం మీద బంగారక్క బొమ్మ, బొమ్మకంటే పెద్దగా చైర్మన్ గారి పేరు. ఇంజనీరు వచ్చి గోడని చూసి, ఇది ఒంటి ఇటుక గోడ, ఇంత రాయి మోయదు అని చెప్పాడు. బంగారక్క స్ఫూర్తిని మోసిన గోడ రాయిని మోయలేదా అని నాగభూషణం గారు నిలదీశారు. అది సాంకేతికమైన ప్రశ్న కాదు కాబట్టి ఇంజనీరు దగ్గర జవాబు లేకపోయింది. క్యాలెండరు తీసేసి, అటువైపు దాకా బోల్టులు దింపి బిగించారు.

ఉత్సవం రోజు పొద్దున్నే ఇంటికి కారొచ్చింది. జలజ పట్టుచీర కట్టుకుంది, అది బంగారక్కదే. ఆ రోజే కట్టు మార్చకపోతే ఇక తన దగ్గరికి తీసుకురావద్దని డాక్టరమ్మ చెప్పి ఉంది. అందుకని జలజ కారులో నానిని కూడా ఎక్కించింది. వేదిక దగ్గర దిగాక తెలిసింది, ఉత్సవం సందర్భంగా ఆ రోజు చీటీలు ఇవ్వరని.

మరి కిటికీల వెనక పాపారావు ఎందుకు కూర్చున్నాడంటే, చారిత్రక వాతావరణం కోసమట. చీటీ రాయకూడదు, కానీ అటోసారి ఇటోసారి తిరుగుతూ ఉండాలని ఆదేశం. ఆయన కొత్త చొక్కా వేసుకుని, ఖాళీ చేతుల్తో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

ఉపన్యాసాలయ్యాయి. ఫలకం మీది పట్టుగుడ్డ నాగభూషణం గారు తొలగించారు. కెమెరాలవాళ్లు ఇంకేదైనా కావాలన్నారు. అప్పుడు సత్యప్రసాద్ గారికో ఆలోచన వచ్చింది. ఆనాడు ఆ మహనీయురాలు గోడని చరిచేవారు కదా, ఆ చారిత్రక ఘట్టాన్ని వారసురాలి చేత ప్రదర్శింపజేద్దామన్నారు. గోడ రక్షిత కట్టడం కాబట్టి అక్కడికక్కడే సంఘం సభ్యులతో సంప్రదించి అనుమతి ప్రకటించారు.

"ఒక్క దెబ్బకి మాత్రమే అనుమతి," అని మైకులో గుర్తుచేశారు.

జలజ చెప్పులు విడిచి నల్లరాయి మీద నడిచింది. కమ్మీలు చేతికి చల్లగా తగిలాయి. అమ్మ నిలబడ్డ చోట మొదటిసారి తనొక్కతే, వెనక ఎవరూ తొయ్యకుండా, ముందు ఎవరూ లేకుండా నిలబడింది. వెనక్కి తిరిగి చూసింది. కారు తలుపు తీసి ఉంది. నాని కాలు బయటికి చాపుకుని కూర్చుంది, కట్టు మీద ఈగలు ముసురుతున్నాయి. జలజకి ఏడుపు రాలేదు. ఎప్పుడూ లేంది, ఒళ్లంతా మండిపోయింది. ఎన్నడూ గట్టిగా తట్టలేకపోయిన చేత్తో, ఫలకం పక్కన ఒక్కటి చరిచింది.

గోడ కాసేపు ఆలోచించినట్టు ఊరుకుంది. తర్వాత లోపల ఎక్కడో కిర్రుమంది. జలజ చటుక్కున వెనక్కి జరిగింది. రాయి నిలువునా కిందికి జారి, గోడ మొదట్లో ఒరిగి నిలబడింది. దాన్ని పట్టుకున్న బోల్టులు ఇటుకల్ని కూడా ఊడబెరుక్కుని తెచ్చాయి. ఎవరికీ ఏమీ కాలేదు. మజ్జిగ కుండ ఒకటి పగిలింది. దుమ్ము తగ్గాక చూస్తే, రెండు కిటికీల మధ్య తలుపంత కాదు గానీ తలకాయ పట్టేంత కన్నం ఉంది. ఆ కన్నంలో పాపారావు ముఖం ఉంది. మొదటిసారి ఎటూ తిరగకుండా ఎదురుగా చూస్తున్నాడు.

వేదిక మీద అందరూ అలాగే నిలబడిపోయారు. మైకు మాత్రం కుయ్యిమంటోంది.

"పాపారావుగారూ, నేనొచ్చాను," అంది జలజ. ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలియదు, గేటు దాకా వినబడింది. "దుర్గమ్మ. ఎడమ కాలు. కట్టు మార్చడానికి ఓ చీటీ రాయండి."

పాపారావు సూపరింటెండెంటు వైపు చూశాడు. సూపరింటెండెంటు చైర్మన్ వైపు చూశారు. చైర్మన్ కింద పడ్డ తన పేరు వైపు చూసుకుంటున్నారు. ఎవరూ వద్దనలేదు, అనడానికి ఆ పరిస్థితికి విధివిధానాలు లేవు. పాపారావు చెవి మీంచి పెన్ను తీసి, చీటీ రాసి, చెయ్యి పక్కకి చాపకుండా తిన్నగా ముందుకి చాపాడు.

నాని పాదం దక్కింది. చిటికెనవేలు మాత్రం పోయింది. దాని గురించి నాని పెద్దగా బాధపడలేదు గానీ, జలజ ఇప్పటికీ ఆ కాలు కడిగేటప్పుడు నాగభూషణం గారిని ఓ మాట తిట్టుకుంటుంది.

ఆ సాయంత్రమే అభివృద్ధి సంఘం సమావేశమైంది. రక్షిత కట్టడానికి రంధ్రం ఏర్పడటంపై సమగ్ర విచారణ జరపాలని నిర్ణయించారు. కన్నం మూయించేద్దామని ఒక సభ్యుడు అన్నాడు గానీ, సత్యప్రసాద్ గారు ఒప్పుకోలేదు. మూసేస్తే సాక్ష్యాధారాలు చెరిపేసినట్టవుతుంది, విచారణ పూర్తయ్యేవరకు యథాతథ స్థితి కొనసాగించాలి అన్నారు. యథాతథ స్థితి అంటే ఏమిటని ఎవరో వివరణ కోరితే, కన్నం పడిన క్షణంలో ఉన్న స్థితి అని వివరించారు. ఆ క్షణంలో కన్నం వెనక పాపారావు ఉన్నాడు, చీటీ రాసి ఇచ్చాడు. కాబట్టి పాపారావు అక్కడే ఉండాలి, చీటీలు రాసి ఇస్తూనే ఉండాలి. కమ్మీల మొదట్లో ఉన్న పాత బోర్డు తీసి కొత్తది పెట్టారు. విచారణలో ఉన్న రంధ్రం, అంచులు ముట్టరాదు.

విచారణ సంఘం ఇంకా విచారిస్తూనే ఉంది. సంఘంలో ఒకరు బదిలీ అయ్యారు, ఇంకొకరు రిటైరయ్యారు, కొత్తవాళ్లు మొదటి నుంచి విచారిస్తామన్నారు. వాళ్లు చల్లగా ఉండాలని, నివేదిక ఎన్నటికీ రాకూడదని జలజ రోజూ దీపం పెట్టుకునేటప్పుడు దండం పెట్టుకుంటుంది. పురపాలక సంఘం ఉద్యోగులు కూడా తమ గోడ మీద ఎవరైనా వచ్చి ఒక్కటి చరుస్తారా అని కబురు పెట్టారు. జలజ తీరిక లేదని చెప్పించింది.

ఓ రోజు కట్టు కోసం జలజ కమ్మీల మధ్య నిలబడి ఉంది. రెండు పక్కలా వరసలు గేటు దాటి రోడ్డెక్కాయి. మగవాళ్ల వరస చివర్నుంచి, జ్వరంతో వణుకుతున్న ఓ మనిషి తువ్వాలు కప్పుకుని బయటికొచ్చాడు. కమ్మీల దగ్గర ఆగి, లోపలికి రావచ్చో లేదో తెలియక, జలజ ముఖంలోకి చూశాడు.

"ఇది ఎవరి వరసమ్మా?"

"బంగారక్కది," అంది జలజ. "రా అన్నా, నా వెనక నిలబడు."

ఆయన చెప్పులు విడవబోయాడు. అవసరం లేదని చెప్పింది. వచ్చి నిలబడ్డాడు.